పద్దెనిమిదేళ్లు నిండాక పగలు ఎక్కడ గడవాలి?

ఆటిజం గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు, టీవీ చర్చలు, ఏటా ఏప్రిల్ 2న జరిగే అవగాహన సభలు దాదాపు అన్నీ పిల్లల చుట్టూనే తిరుగుతాయి. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, మాట ఆలస్యం కావడం, బొమ్మకారు చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చోవడం వంటి లక్షణాలు ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. ఇది సంతోషించదగిన మార్పు. అయితే ఆ పిల్లలు పెద్దవారవుతారన్న సంగతి మనం ఇంకా గట్టిగా ఆలోచించలేదు. మూడేళ్ల వయసులో ఆటిజం అని తేలిన బిడ్డకు మిగిలిన బాల్యం 15 ఏళ్లు. ఆ తరువాతి జీవితం 50 ఏళ్లు, కొందరికి 60 ఏళ్లు. ఆ సుదీర్ఘమైన భాగం గురించి ఈ రోజు మీతో మాట్లాడదలచాను.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా వైద్యలోకం గుర్తించడానికి ఆ వ్యాసమే నాంది. వైద్యవిద్యార్థులందరూ దాని పేరు వింటారు. అదే కానర్ 28 ఏళ్ల తరువాత, 1971లో, ఆ 11 మంది పెద్దయ్యాక ఏమయ్యారో ఆరా తీసి మరొక వ్యాసం రాశారని తెలిసినవారు తక్కువ. నాకు ఆ రెండవ వ్యాసమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ప్రభుత్వ ఆశ్రయాలలో చేర్చిన పిల్లలు ఏళ్లు గడిచేకొద్దీ తమకున్న నేర్పును కూడా పోగొట్టుకున్నారు. మొదటి వ్యాసంలో మొదటి పిల్లవాడైన డొనాల్డ్ మాత్రం బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు.

డొనాల్డ్ ట్రిప్లెట్‌కు చిన్నతనంలో లెక్కపెట్టడం, కొలవడం తప్ప మరొక ధ్యాస ఉండేది కాదు. అతన్ని కొంతకాలం ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వారికి మనోవైద్యం తెలియదు, ప్రత్యేక విద్యలో శిక్షణ లేదు. కొలవడమంటే అంత ఇష్టమా, అయితే బావి తవ్వి లోతెంతో చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్లను పదే పదే లెక్కపెడుతుంటే, పొలం దున్నుతూ లెక్కపెట్టమన్నారు. ఆ పిల్లవాడు పెరిగి మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే తన ఊళ్లో కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒక్కడే విదేశాలు తిరిగి వచ్చాడు. తల్లిదండ్రులు పోయాక కూడా తన ఇంట్లోనే ఉన్నాడు. 2023 జూన్‌లో, 89 ఏళ్ల వయసులో మరణించాడు. అతని కుటుంబం కలిగినదే, బ్యాంకు తల్లి తరపువారు స్థాపించినదే. ఆ అదృష్టం అందరికీ ఉండదు. ఆటిజం తీవ్రత కూడా అందరిలో ఒకేలా ఉండదు. అయినా ఆ రెండు వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక ప్రశ్న వదలదు. ఆ పెద్దవాడు పగలంతా ఎక్కడ, ఎవరి మధ్య, ఏ పని చేస్తూ గడుపుతున్నాడు? మందుల చీటీ రాసే ముందు కూడా వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఇక మన ఊరికి వద్దాం. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలోనే రెజిమెంటల్ బజార్ ఉంది. బ్రిటిష్ పటాలాల కాలం నాటి బజారు కనుక ఆ పేరు నిలిచిపోయింది. ఇరుకు సందులు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, వేకువ నుంచే రైళ్ల కూతలు, ఆటోల హారన్లు. ఆ వీధుల్లో నేను చాలా ఏళ్లు వైద్యం చేశాను. అక్కడి ఒక కుటుంబం సంగతి వారి అనుమతితో చెబుతున్నాను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు మార్చాను. తండ్రి రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు. తల్లి ఇంటిపట్టునే ఉంటారు. కూతురు పెళ్లయి అమెరికాలో స్థిరపడింది. కొడుకుకు 29 ఏళ్లు, ఆటిజంతో పాటు కొంత బుద్ధిమాంద్యం కూడా ఉంది. అతన్ని నేను ‘అబ్బాయి’ అనను, ‘పిల్లవాడు’ అనను. 29 ఏళ్లవాణ్ని ఇంకా పిల్లవాడని పిలవడం మనం మానుకోవలసిన అలవాటు. యువకుడు అంటాను.

ఆ యువకుడు రెండు మూడు పదాల వాక్యాలు మాట్లాడతాడు. పరిచయమైన పదాలను చూసి గుర్తుపడతాడు. రైళ్ల నంబర్లు కంఠతా వచ్చు. 18 ఏళ్లు నిండేవరకు ఒక ప్రత్యేక పాఠశాలకు వెళ్లాడు. ఆ తరువాత పాఠశాల వారు వయసు దాటిందన్నారు. మరి ఎక్కడికి పంపాలని తండ్రి అడిగితే వారి దగ్గర జవాబు లేదు. అక్కడినుంచి ఆరేళ్లు ఇంట్లోనే గడిచాయి.

ఆ ఆరేళ్లలో జరిగినదంతా నా కళ్ల ముందే జరిగింది కనుక కొంచెం వివరంగా చెబుతాను. మొదట నిద్ర చెడింది. పగలు చేయవలసిన పని లేనప్పుడు శరీరానికి రాత్రికీ పగటికీ తేడా తెలియదు. అర్ధరాత్రి లేచి వంటింట్లో డబ్బాలన్నీ దించి, మళ్లీ వరసగా సర్దేవాడు. ఆ తరువాత బరువు పెరిగింది. మూడేళ్లలో 22 కిలోలు. నడక లేదు, చిరుతిండ్లు మాత్రం ఉన్నాయి. బుజ్జగించడానికి తల్లికి దొరికిన సాధనం మిక్చరు పొట్లమే. అటుపైన చేయి కొరుక్కోవడం, గోడకు తల కొట్టుకోవడం మొదలయ్యాయి. మనోవైద్యుడు రిస్పెరిడోన్ రాశారు. ఆ మందు తప్పని నేననను. ఆటిజంలో తీవ్రమైన చిరాకుకు, తనను తాను గాయపరచుకోవడానికి అది పనిచేస్తుందని ఆధారాలున్నాయి. అయితే ఆటిజం మూలలక్షణాలను ఏ మందూ మార్చదు. రిస్పెరిడోన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి. రక్తంలో చక్కెరను, కొవ్వును గమనిస్తూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఖాళీ పగటిని నింపే మాత్ర ఇంతవరకు తయారు కాలేదు.

ఇక్కడ వైద్యుడిగా ఒక హెచ్చరిక చేయాలి. నొప్పిని మాటల్లో చెప్పలేని పెద్దవారిలో ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు శరీరాన్ని పరీక్షించండి. పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం, కడుపులో మంట, మూత్రంలో ఇన్ఫెక్షన్ వరసగా చూడాలి. ఆటిజం ఉన్నవారిలో ఫిట్స్ మొదటిసారి కౌమారదశలోనో, ఆ తరువాతో రావచ్చు. కొన్ని నిమిషాలు శూన్యంగా చూస్తూ ఉండిపోవడం కూడా దానికి సూచన కావచ్చు. మా యువకుడు ఒక నెలపాటు దవడ మీద పిడికిలితో కొట్టుకుంటే ఇంట్లో అందరూ కోపమనుకున్నారు. చివరి దంతం పుచ్చింది. అది తీయించిన వారానికి చేయి దిగింది.

ఆరేళ్ల తరువాత వారు అతన్ని ఒక పగటి కేంద్రంలో చేర్చారు. దాని పేరు రాయను. ఉదయం పదింటికి తీసుకొని, సాయంత్రం నాలుగింటికి భద్రంగా అప్పగించేవారు. అక్కడివారు దయగలవారే. కానీ 24 ఏళ్లు దాటిన మనుషుల ముందు ఏనుగు బొమ్మ, మామిడిపండు బొమ్మ ఉన్న కాగితాలు పెట్టి రంగులు నింపమనేవారు. నింపిన కాగితం తీసుకొని మరొకటి ఇచ్చేవారు. గేటుకు తాళం ఉండేది. ఎనిమిది నెలలు గడిచాయి. తల్లికి ఆరు గంటల విశ్రాంతి దొరికింది. దాన్ని నేను తక్కువ చేయను, అప్పటికి ఆమెకు మోకాళ్ల ఆపరేషన్ అయి మూడు నెలలే. కొడుకు మాత్రం చేరిన రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

ఆ తరువాత చేరిన కేంద్రం చిన్నది. అద్దె ఇల్లు, పన్నెండు మంది, ముగ్గురు శిక్షకులు. మొదటి రెండు వారాలు వారు అతనికి ఏమీ నేర్పలేదు, గమనించారు. ఏం చేయగలడు, ఎక్కడ ఆగిపోతున్నాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటున్నాడు, ఏ పని చూస్తే తనంతట తానే దగ్గరికి వస్తున్నాడు అన్నవన్నీ రాసుకున్నారు. తరువాత తల్లిదండ్రులను కూర్చోబెట్టి, “ఇంకో ఏడాదికి మీవాడు మీ సాయం లేకుండా ఏ మూడు పనులు చేసుకుంటే మీకు తేలిక?” అని అడిగారు. తండ్రి ఆలోచించి, స్నానం, షేవింగ్, బజారు అన్నారు. ఆ మూడింటితోనే మొదలైంది.

బజారు ఎలా నేర్పారో చూడండి. కేంద్రంలో బల్ల మీద ప్లాస్టిక్ కూరగాయలు పెట్టి దుకాణం ఆట ఆడించలేదు. ఆటిజం ఉన్నవారికి ఒకచోట నేర్చినది మరొకచోటికి దానంతట అది బదిలీ కాదు. గదిలో వచ్చిన విద్య వీధిలో రాదు. అందుకే నేరుగా మోండా మార్కెట్‌కు తీసుకువెళ్లారు. మొదట మంగళవారం ఉదయం, రద్దీ లేని వేళ, ఒకే కొట్టు, ఒకే వస్తువు. వస్తువు కొత్తిమీర. పని మొత్తాన్ని 11 మెట్లుగా విడగొట్టారు. సంచి తీసుకోవడం, చెప్పులు వేసుకోవడం, గోడవైపు నడవడం, మలుపు దగ్గర ఆగడం, రెండువైపులా చూడడం, కొట్టు దగ్గర నిలబడడం, కట్టను చూపించడం, నోటు ఇవ్వడం, చిల్లర కోసం చేయి చాపడం, సంచిలో వేయడం, తిరిగి రావడం. ఒక్కో మెట్టుకు ఒక ఫొటో తీసి జేబులో పట్టే చిన్న పుస్తకంగా కుట్టించారు. మాట మరచిపోయినా బొమ్మ కళ్లముందే ఉంటుంది.

డబ్బు కష్టమైన భాగం. కూడికలు, తీసివేతలు రానివారికి కూడా కొనడం నేర్పవచ్చు. ఎంత చెబితే దానికి ఒక పదిరూపాయల నోటు ఎక్కువ ఇచ్చి, మిగతా తీసుకోవడం ఒక పద్ధతి. ఇరవై మూడంటే మూడు నోట్లు. చిల్లర లెక్క చూసే బాధ్యత మొదట్లో శిక్షకురాలిది, తరువాత కొట్టు అవ్వది. ఆ అవ్వను ఈ కథలో మరువకూడదు. శిక్షకురాలు వెళ్లి ఆమెతో ముందే మాట్లాడింది. “తొందరపెట్టకు అవ్వా, పది లెక్కపెట్టేదాకా ఆగు, అప్పటికీ ఇవ్వకపోతే చెయ్యి చూపించు” అని చెప్పింది. అవ్వ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. మన చుట్టుపక్కల ఇలాంటివారు నలుగురుంటే కేంద్రం పని సగం అయినట్టే.

శిక్షణలో సాయాన్ని ఎలా తగ్గిస్తారన్నది తెలిస్తే మీరు ఇంట్లో కూడా వాడుకోవచ్చు. మొదట చేయి పట్టి చేయిస్తారు. తరువాత మోచేతిని తాకి వదులుతారు. ఆపైన వేలితో చూపుతారు, ఆపైన బొమ్మ మాత్రం చూపుతారు. చివరకు రెండడుగులు వెనక నిలబడి ఊరుకుంటారు. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా తల్లికి. ఈ ఇంట్లో తల్లి స్నానాలగది బయట నిలబడి “సబ్బు పెట్టుకో నాన్నా… నీళ్లు పోసుకో… ఇప్పుడు తుడుచుకో” అని ప్రతిరోజూ చెప్పేవారు. అతడు స్నానం చేయడం నేర్చుకోలేదు, అమ్మ గొంతు వినడం నేర్చుకున్నాడు. ఆ గొంతు ఆగితే చెంబు పట్టుకొని అలాగే నిలబడేవాడు. గోడకు ఏడు బొమ్మలు అంటించి, ఆమెను వంటింట్లోకి వెళ్లిపొమ్మన్నారు. మొదటి వారం వీపు మీద సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. ఆమె వెళ్లి తుడవబోతే శిక్షకురాలు ఆపింది. నాలుగో వారానికి నురగ పోయింది. “గోడ చెప్పింది వింటాడు, నేను చెప్పింది వినడు డాక్టరుగారూ” అని ఆమె నాతో నిష్ఠూరమాడారు. ముఖంలో మాత్రం నవ్వుంది.

స్వతంత్రంగా బతకడమంటే ఎవరి సాయమూ లేకుండా బతకడమని చాలామంది అనుకుంటారు. అలా బతికేవారు మనలో ఎవరున్నారు? నాకు వంట రాదు. నా భోజనం మరొకరి చేతిమీదుగా వస్తుంది. అయినా నన్నెవరూ పరాధీనుడనరు. ఏం తినాలో, ఎప్పుడు బయటికి వెళ్లాలో, ఎవరితో కూర్చోవాలో నిర్ణయించుకునేది నేనే కనుక. ఆటిజం ఉన్న పెద్దవారికి కూడా ఆ నిర్ణయాలలో కొన్నయినా దక్కాలి. మంచి కేంద్రంలో ఉదయం బొమ్మల పట్టిక పెట్టేటప్పుడు రెండు గడులు ఖాళీగా వదిలి, వాటిలో ఏ పని పెట్టుకోవాలో వారినే ఎంచుకోమంటారు. ఈ యువకుడు రోజూ ఒక గడిలో రైలు బొమ్మే పెడతాడు. అంటే అరగంట స్టేషన్ వైపు నడిచి, రైళ్లను చూసి రావడం. బరువు తగ్గడానికి మా సలహాలకన్నా ఆ నడకే ఎక్కువ ఉపకరించింది.

శబ్దం విషయం కూడా చెప్పాలి. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలు వచ్చాయంటే సికింద్రాబాద్ అంతా డప్పులు, మైకులు, జనసంద్రం. మనకు పండుగ, చెవికి వినికిడి మితిమీరి తాకే మనిషికి అది దెబ్బ. అలాగని ఆ వారమంతా అతన్ని గదిలో బంధించడం పరిష్కారం కాదు. కేంద్రంవారు పది రోజుల ముందే క్యాలెండరులో బోనం బొమ్మ అంటించి, రోజుకొక గడి కొట్టించారు. శబ్దాన్ని తగ్గించే హెడ్‌ఫోన్లు అలవాటు చేశారు. జనం పెరగకముందే, వేకువన, తండ్రితో గుడికి పంపారు. ఇరవై నిమిషాలు ఉన్నాడట. అంతకుముందు తొమ్మిదేళ్లుగా ఆ కుటుంబం బోనాలకు వెళ్లలేదు.

ఈ విద్య మన ఊరికి కొత్తది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. సికింద్రాబాద్ పికెట్ దగ్గరి స్వీకార్ 1977 నాటిది. 1984లో కేంద్రప్రభుత్వం బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. దాని పేరు ఇప్పుడు మారి ఎన్‌ఐఈపీఐడీ అయింది గాని, పాతవారు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. దేశమంతటా ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే భారతీయ కొలమానం, ఐశా, అక్కడే తయారై 2009లో వెలువడింది. అందులో 40 అంశాలు; 70కి తక్కువ వస్తే ఆటిజం లేదు, 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. పెద్దవారి స్వతంత్ర జీవనానికి ప్రత్యేకంగా ఒక విభాగాన్ని కూడా ఆ సంస్థ ఏర్పరచింది. ఇంత దగ్గరలో ఇంత విద్య ఉండగా, రెజిమెంటల్ బజార్‌లోని తల్లి ఆరేళ్లు కొడుకును ఇంట్లో కూర్చోబెట్టవలసి వచ్చిందంటే, లోటు జ్ఞానంలో లేదు. నడిచివెళ్లే దూరంలో, భరించగల రుసుముతో, పెద్దవారి కోసం పనిచేసే కేంద్రాలు చాలినన్ని లేవు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చుకున్న చట్టం. ఆ ట్రస్టు కింద పదేళ్లు దాటినవారి కోసం ‘వికాస్’ అనే పగటి కేంద్రాల పథకం వచ్చింది. రోజుకు కనీసం 6 గంటలు నడపాలని దాని నియమం. ‘నిరామయ’ కింద ఏటా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. పథకాలు మంచివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గతంలో ఇచ్చిన అంచనా ప్రకారం సుమారు నూరుమంది పిల్లలలో ఒకరికి ఆటిజం ఉంటుంది. ఆ లెక్కను మన జంటనగరాల జనాభాకు వేసుకొని, మీకు తెలిసిన కేంద్రాలలోని కుర్చీలను లెక్కపెట్టండి. మిగతాది నేను చెప్పనక్కరలేదు.

మీరు ఒక కేంద్రాన్ని చూడటానికి వెళితే గోడలమీది బహుమతులను, సందర్శకుల ఫొటోలను చూసి నిర్ణయించుకోకండి. మరుగుదొడ్డి చూడండి. వారానికి ఎన్నిసార్లు వీధిలోకి తీసుకువెళతారో అడగండి. గత రెండేళ్లలో ఇక్కడినుంచి పనికి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఎవరికైనా కోపం వచ్చి అరిస్తే ఏం చేస్తారని అడిగి, జవాబును జాగ్రత్తగా వినండి. ‘గదిలో పెడతాం’ అంటే వెనుదిరగండి. ‘ఎందుకు అరిచాడో చూస్తాం, ప్రశాంతంగా కూర్చునే మూల ఉంది’ అంటే ఆశ ఉంది. ముందుగా చెప్పకుండా మధ్యాహ్నం రెండింటికి రావచ్చా అని అడగండి. కొవ్వొత్తులు, ఫినాయిల్, కాగితపు కవర్లు తయారు చేయించడం తప్పు కాదు. అవి ఎవరైనా కొంటున్నారా, ఆ డబ్బు చేసినవారి చేతికి వస్తోందా అన్నదే ప్రశ్న. దీపావళికి జాలిపడి కొనేవారి మీద ఆధారపడిన పని సంవత్సరంలో ఒక నెల పని.

మా యువకుడికి పని రాణీగంజ్‌లో దొరికింది. అక్కడ హార్డువేరు దుకాణాలు వరసగా ఉంటాయి. ఒక దుకాణంలో గోదాములో కలిసిపోయిన నట్లు, బోల్టులు, వాషర్లను సైజుల వారీగా వేరుచేసి, 50 చొప్పున పొట్లాలు కట్టాలి. సేఠ్‌కు ఆ పనికి కుదురుగా కూర్చునే మనిషి దొరకడు. ఎవరైనా గంటకే విసిగిపోతారు. అర్ధరాత్రి వంటింటి డబ్బాలు సర్దిన ఆ చేతులకు అది ఇష్టమైన పని. మొదటి నెల శిక్షకుడు పక్కనే కూర్చున్నాడు, రెండో నెల దుకాణం బయట, మూడో నెల ఫోనులో. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండున్నర గంటలు. జీతం పెద్దది కాదు. పొట్లాల లెక్కలో మాత్రం ఇంతవరకు తప్పు రాలేదని సేఠ్ నాతో అన్నారు. జీతమని చెప్పి జాలి చూపించడం వేరు, పని తీసుకొని జీతమివ్వడం వేరు. ఇది రెండోది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చి, అందులో ఒక శాతంలో ఆటిజాన్ని, బుద్ధిమాంద్యాన్ని, మరికొన్నింటిని చేర్చింది. అది చదువుకున్నవారికి అక్కరకు వస్తుంది. చదువు రానివారికి ఇలాంటి గోదాములే దారి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పెద్దమనిషైన తరువాత వారిని కేంద్రానికి పంపడానికి కుటుంబాలు వెనుకాడతాయి. ఆ భయం అర్థం లేనిది కాదు. కేంద్రంలో మహిళా శిక్షకులు ఎందరు, వాహనంలో ఆయా ఉంటుందా అని తప్పక విచారించండి. నెలసరి శుభ్రత కూడా కొత్తిమీర కొన్నట్టే మెట్లుమెట్లుగా నేర్పదగిన పని. ఎవరు తాకవచ్చు, ఎవరు తాకకూడదు, వద్దని ఎలా చెప్పాలి అన్నది మాటలు రానివారికి కూడా బొమ్మలతో నేర్పవచ్చు. ఇంట్లో కూర్చోబెట్టినంత మాత్రాన రక్షణ లభిస్తుందనుకోకండి. నా అనుభవంలో వేధింపు తెలిసినవారి ద్వారా వచ్చిన సందర్భాలే ఎక్కువ.

మాట, చదువు చక్కగా ఉండి ఆటిజం ఉన్న పెద్దవారు కూడా ఉన్నారు. వారికి కావలసినది పగటి కేంద్రం కాదు. ఇంటర్వ్యూలో, ఆఫీసులో, స్నేహాలలో తోడు నిలిచే మార్గదర్శి. దాని గురించి వేరుగా రాస్తాను.

“మేమున్నంత కాలం ఫర్వాలేదు, మా తరువాత?” ఈ ప్రశ్న వినని వారం నా వృత్తిజీవితంలో అరుదు. పగటి కేంద్రం దీనికి పూర్తి జవాబు కాదు గాని, జవాబు అక్కడే మొదలవుతుంది. తన స్నానం తాను చేసుకొని, తన పళ్లెం తాను కడుక్కొని, ఇంటి బయట నలుగురికి తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకోవడానికి చెల్లెలో మేనత్తో ముందుకు రావడం తేలిక. ఆ పనితో పాటు కాగితాల పని కూడా తల్లిదండ్రులు బతికుండగానే చేయాలి. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోండి. తెలంగాణలో వైకల్యం ఉన్నవారికి ఆసరా పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. 18 నిండినవారికి చట్టపరమైన సంరక్షకుడి అవసరం ఉంటే జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. అందరికీ ఆ అవసరం ఉండదు. తన నిర్ణయం తాను చెప్పగలవారి చేతినుంచి దాన్ని తీసుకోవద్దు. తండ్రి గాని తల్లి గాని ప్రభుత్వోద్యోగో రైల్వే ఉద్యోగో అయితే, తన సంపాదనతో బతకలేని వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను పొందే వీలుంది. ఆ పేరు సర్వీసు కాగితాలలో ముందే ఎక్కించండి. రెజిమెంటల్ బజార్ చుట్టుపక్కల ఎన్నో రైల్వే కుటుంబాలున్నాయి కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మా యువకుడి తండ్రి ఆ పని గత ఏడాది పూర్తి చేశారు. నా ఎదుట కుర్చీలో కూర్చొని ఆ కాగితాన్ని రెండుసార్లు మడతవిప్పి చూసుకున్నారు.

అమెరికాలో అంతా సిద్ధంగా ఉంటుందని మనవారి నమ్మకం. ఈ కుటుంబంలోని కూతురే, తమ్ముణ్ని అక్కడికి తీసుకువెళితే ఎలా ఉంటుందని ఒకసారి నన్ను అడిగింది. అక్కడ 1975 నాటి చట్టం వల్ల 21 ఏళ్ల వరకు చదువు హక్కుగా దొరుకుతుంది. ఆ వయసు దాటగానే హక్కు ముగుస్తుంది. సేవల కోసం వేచి ఉండవలసిన వరస మొదలవుతుంది. అక్కడి తల్లిదండ్రులు కూడా పాఠశాల బస్సు రావడం మానేసిన ఉదయాన్ని తలచుకొని భయపడతారు. ఆమె ఇప్పుడు కేంద్రం రుసుము పంపుతోంది. ఆదివారం వీడియోకాల్‌లో తమ్ముడు ఆ వారం చూసిన రైళ్ల నంబర్లు చెబుతాడు, ఆమె రాసుకుంటుంది.

మీ పేటలో కేంద్రం లేకపోతే ఏం చేయాలి? నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిస్తే చిన్నగా మొదలుపెట్టవచ్చు. గుడి మండపమో, చర్చి హాలో, కమ్యూనిటీ హాలో రోజుకు మూడు గంటలు అడిగి తీసుకోండి. పునరావాస మండలిలో నమోదైన స్పెషల్ ఎడ్యుకేటర్‌ను ఒకరిని వారానికి మూడు రోజులు పిలవండి. మిగతా రోజులు తల్లిదండ్రులు వంతులు వేసుకోండి. ఎవరి బిడ్డను వారు కాక, ఒకరి బిడ్డను మరొకరు చూసుకోండి. మన బిడ్డ దగ్గర మనం ఆగలేం, ఎదుటివారి బిడ్డ దగ్గర ఆగగలం. మొదటి నెల నడక, పళ్లేలు కడగడం, టీ పెట్టడం చాలు. కుదురుకున్న తరువాత సంఘంగా రిజిస్టరు చేసుకుంటే నేషనల్ ట్రస్టులో నమోదుకు దరఖాస్తు చేయవచ్చు.

అదీ వెంటనే కుదరకపోతే, మీ ఇంట్లో రేపు ఉదయం ఒక్క పని ఎంచుకోండి. మీరు రోజూ చేసిపెడుతున్నది, వారు సగమైనా చేయగలిగినది. చొక్కా గుండీలు అనుకుందాం. పైనుంచి అన్నీ మీరే పెట్టి, చివరి గుండీ మాత్రం వారికి వదలండి. అది వచ్చాక చివరి రెండు. మాట్లాడకండి, గడియారం చూడకండి. ఒక వారం పట్టవచ్చు, మూడు వారాలు పట్టవచ్చు. ఆఫీసు వేళ తరుముతుంటే ఆదివారం మొదలుపెట్టండి.